ఆర్జినిన్ ఎవరి పక్షం?

అగళి వైపు ఊళ్లలో సంగటి ముద్ద పక్కన చెనగ్గింజల ఊరిబిండి ఉందంటే, ఆ పూటకి ఇంకో కూర లేకపోయినా గడిచిపోతుంది. తెలుగూ కన్నడమూ కలిసి వినిపించే ఆ సరిహద్దు మండలంలోనే కాదు, మడకశిర, పెనుకొండ, హిందూపురం, ధర్మవరం దాకా చెనక్కాయ అంటే పంట, వంట, పెట్టుబడి, అప్పు... అన్నీను. వాన ముఖం చాటేసిన ఏడు రైతును ముంచేదీ అదే, కాలం కలిసొస్తే ఒడ్డెక్కించేదీ అదే.

ఆ గింజలో నూనె ఉంటుందని అందరికీ తెలుసు. మాంసకృత్తులు ఉంటాయని బడికెళ్లే పిల్లలూ చెబుతారు. వంద గ్రాముల గింజల్లో సుమారు 25 గ్రాములు మాంసకృత్తులే. ఆ మాంసకృత్తులను విడగొడితే వచ్చే చిన్న చిన్న ముక్కలే అమైనో ఆమ్లాలు. వాటిలో ఒకటి ఆర్జినిన్. వంద గ్రాముల చెనగ్గింజల్లో ఇది ఒక్కటే దాదాపు 3 గ్రాములు ఉంటుంది. మనం రోజూ తినే వాటిలో ఆర్జినిన్ ఇంత దండిగా ఉండేవి తక్కువే.

ఈ ఆర్జినిన్ చుట్టూ ముప్పై ఏళ్లకు పైగా ఓ చిత్రమైన పరిశోధన సాగుతోంది. చర్మం మీద మానని పుండ్లు, మచ్చలు తెచ్చిపెట్టే ఒక పరాన్నజీవిని చంపడానికి మన ఒంటికి ఆర్జినిన్ కావాలి. ఆ పరాన్నజీవి బతికి, పిల్లలు పెట్టడానికీ అదే ఆర్జినిన్ కావాలి. ఆయుధమూ అదే, అన్నమూ అదే. మరి అది ఎవరి పక్షం?

వెండి పేరున్న ఆమ్లం

ఆర్జినిన్‌ను మొదట వేరుచేసింది 1886లో. ఎర్నెస్ట్ షుల్జ్ అనే జర్మన్ రసాయన శాస్త్రవేత్త, ఆయన సహాయకుడు ఎర్నెస్ట్ స్టైగర్ కలిసి లూపిన్ అనే మొక్క మొలకల నుంచి దాన్ని తీశారు. లూపిన్ కూడా మన చెనక్కాయ కుటుంబానిదే, పప్పుజాతి మొక్క. వెండిలా తెల్లగా మెరిసే స్ఫటికాలు వచ్చాయి కాబట్టి గ్రీకులో వెండికి ఉన్న పేరుమీదుగా దానికి ఆర్జినిన్ అని పేరు పెట్టారు.

ఒంట్లో దీనికి పనులు బోలెడు. కండ కట్టడానికి కావాలి. గాయం మానడానికి కావాలి. మాంసకృత్తులు అరిగాక మిగిలే విషపు నత్రజనిని యూరియాగా మార్చి మూత్రంలో బయటికి పంపేటప్పుడూ దీని చేయి ఉండాల్సిందే. ఆర్జినిన్‌ను రెండుగా చీల్చి యూరియాను విడదీసే ఎంజైమును 1904లోనే కోసెల్, డేకిన్ అనే శాస్త్రవేత్తలు కనిపెట్టారు. దాని పేరు ఆర్జినేజ్. ఈ పేరు గుర్తుంచుకోండి, ముందు ముందు ఇదే కథానాయకుడో ప్రతినాయకుడో తేలాలి.

ఎనభయ్యవ దశకం చివర్లో ఇంకో సంగతి బయటపడింది. ఆర్జినిన్ నుంచి నైట్రిక్ ఆక్సైడ్ అనే వాయువు కూడా మన ఒంట్లోనే తయారవుతోంది. రక్తనాళాలు సడలి రక్తం సాఫీగా పారడానికి అది సాయపడుతోంది. రక్తనాళాల్లో నైట్రిక్ ఆక్సైడ్ చేసే పనిని వెలికితీసిన ఫర్చ్‌గాట్, ఇగ్నారో, మురాద్‌లకు 1998లో నోబెల్ బహుమతి వచ్చింది. ఈ వాయువుకు మరో కోణం ఉంది. ఒంట్లో చొరబడ్డ క్రిములను మింగే భక్షక కణాలు దీన్నే విషవాయువుగా వాడుకుంటాయి. డాక్టర్లు మాక్రోఫేజ్‌లు అనేది ఈ కణాలనే.

మద్రాసులో దొరికిన శత్రువు

ఇక శత్రువు సంగతి. 1903లో ఇంగ్లండులో విలియం లీష్మన్ అనే సైనిక వైద్యుడు ఒక వ్యాసం రాశాడు. కలకత్తా దగ్గరి డమ్‌డమ్‌లో జ్వరం తగిలించుకుని, ఇంగ్లండు చేరి చనిపోయిన ఒక సైనికుడి ప్లీహంలో సూక్ష్మమైన గుండ్రటి ఆకారాలు కనిపించాయన్నది దాని సారాంశం. సరిగ్గా అవే ఆకారాలను ఆ ఏడే మద్రాసు జనరల్ ఆసుపత్రిలో చార్లెస్ డోనవన్ చూశాడు. అప్పట్లో అనంతపురం జిల్లా, అందులోని అగళి, మద్రాసు ప్రెసిడెన్సీలో భాగమే.

ఇద్దరూ చూసింది ఒకటేనా, కొత్త జీవా, పాతదా అని వాదులాట నడుస్తుండగా తగువు తీర్చింది రోనాల్డ్ రాస్. 1897 ఆగస్టు 20న సికిందరాబాదులో దోమ కడుపులో మలేరియా క్రిమిని కనిపెట్టిన రాసే. ఇది కొత్త జీవి అని తేల్చి, ఇద్దరి పేర్లూ కలిసొచ్చేలా దానికి 'లీష్మానియా డోనవాని' అని నామకరణం చేశాడు.

ఈ లీష్మానియాలో చాలా రకాలున్నాయి. ఒక రకం కాలేయం, ప్లీహాల్లో చేరి కాలా అజార్ అనే ప్రాణాంతక జ్వరం తెస్తుంది. మరికొన్ని చర్మంలోనే ఉండిపోయి పుండు పెడతాయి. నొప్పి పెద్దగా ఉండదు, అంచులు గట్టు కట్టినట్టు లేచి ఉంటాయి, నెలల తరబడి మానదు. బాగ్దాద్ పుండు, ఢిల్లీ పుండు అని దానికి ఊరికో పేరుంది. మన దేశంలో రాజస్థాన్‌లోని బికనేర్ ప్రాంతం, హిమాచల్‌లోని సట్లెజ్ లోయ, కేరళ పశ్చిమ కనుమల అడవుల్లో ఇది కనిపిస్తోంది. ప్రపంచం మొత్తం మీద ఏటా 6 లక్షల నుంచి 10 లక్షల మందికి కొత్తగా ఈ చర్మవ్యాధి వస్తోందని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా.

మూడోది మరీ జిత్తులమారిది. కాలా అజార్ నయమై, మనిషి లేచి తిరుగుతున్న నెలలకో, ఏళ్లకో ముఖం మీద, ఒంటి మీద తెల్లటి మచ్చలు, బొడిపెలు లేస్తాయి. కలకత్తాలో ఉపేంద్రనాథ్ బ్రహ్మచారి 1922లో దీన్ని మొదట వర్ణించారు. జబ్బు తగ్గిందనుకున్నాక క్రిమి చర్మంలో దాక్కుని ఉండటమన్నమాట.

వీటన్నిటినీ మోసుకొచ్చేది ఇసుక ఈగ. దోమలో మూడోవంతు ఉంటుందేమో, ఎగరడం కంటే గెంతడం ఎక్కువ. మట్టిగోడల నెర్రెలు, పశువుల పాకల తేమ దాని నివాసం. తెలుగువాళ్లకు ఇది కొత్త పేరేం కాదు. 2003లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 329 మంది పిల్లలకు మెదడువాపు సోకి 183 మంది చనిపోయినప్పుడు, చండీపురా వైరస్‌ను మోసుకొచ్చిందని శాస్త్రవేత్తలు వేలు చూపింది ఈ ఈగ వైపే.

బస్తా ఒకటే, దారులు రెండు

ఇసుక ఈగ కుట్టగానే లీష్మానియా క్రిములు చర్మంలోకి దిగుతాయి. భక్షక కణాలు పరిగెత్తుకొచ్చి వాటిని మింగుతాయి. చిత్రమేమిటంటే, ఈ క్రిమికి కావలసిందీ అదే. మిగతా క్రిములు ఏ కణం నుంచి తప్పించుకుందామని చూస్తాయో, ఇది సరిగ్గా ఆ కణంలోనే కాపురం పెడుతుంది. పోలీస్ స్టేషన్లోనే దొంగ మకాం వేసినట్టు.

అక్కడ మొదలవుతుంది ఆర్జినిన్ కోసం పెనుగులాట. రైతు ఇంట్లో చెనక్కాయల బస్తా ఉందనుకోండి. మిల్లుకు పోతే నూనె అవుతుంది. విత్తనానికి ఉంచితే వచ్చే కారుకు పైరవుతుంది. బస్తా మాత్రం ఒకటే. భక్షక కణంలోని ఆర్జినిన్ పరిస్థితీ అంతే. నైట్రిక్ ఆక్సైడ్ సింథేస్ అనే ఎంజైము చేతికి చిక్కితే ఆర్జినిన్ విషవాయువుగా మారుతుంది, క్రిమి చస్తుంది. ఆర్జినేజ్ చేతికి చిక్కితే ఆర్నిథిన్‌గా మారుతుంది. ఆర్నిథిన్ నుంచి పాలిఅమైన్లనే పదార్థాలు తయారవుతాయి. ఏ జీవకణమైనా పెరగాలన్నా, రెండుగా చీలాలన్నా ఈ పాలిఅమైన్లు ఉండాలి. మామూలు రోజుల్లో ఇవి గాయం మాన్పడానికి పనికొస్తాయి. కణం లోపల లీష్మానియా ఉన్నప్పుడు మాత్రం ఆ విత్తనం శత్రువు పొలంలో మొలుస్తుంది.

1990లో ఎలుకల మీద జరిపిన ప్రయోగాల్లో మొదటి దారి రుజువైంది. ఆర్జినిన్ నుంచి పుట్టే నైట్రిక్ ఆక్సైడే లీష్మానియాను చంపుతోందని తేలింది. ఆ తయారీని అడ్డుకుంటే పుండు పెరిగింది.

2001లో స్పెయిన్‌లో ఇనియెస్టా, కొరాలిజా బృందం రెండో దారిని పరీక్షించింది. భక్షక కణాల్లో ఆర్జినేజ్‌ను ఆపగలిగే ఒక పదార్థం వేసి చూశారు. లోపలి లీష్మానియా పెరుగుదల ఆగిపోయింది. 2005లో పాస్కల్ క్రాఫ్ బృందం రెండు జాతుల ఎలుకలను పోల్చింది. ఒక జాతి ఎలుకలకు పుండు దానంతటదే మానుతుంది. మరో జాతికి మానదు. మానని ఎలుకల్లో ఆర్జినేజ్ పని చాలా ఎక్కువగా ఉంది. దాన్ని మందుతో తగ్గిస్తే పుండులో క్రిముల సంఖ్య తగ్గింది, పాలిఅమైన్లు తిరిగి అందిస్తే మళ్లీ పెరిగింది. ఇంతకంటే సూటి సాక్ష్యం ఏం కావాలి?

ఇంకో నాలుగేళ్లకు మరో సంగతి తెలిసింది. పుండు దగ్గర ఆర్జినేజ్ రెచ్చిపోతే అక్కడి ఆర్జినిన్ నిల్వ ఖాళీ అవుతుంది. దాంతో సాయానికి వచ్చిన టీ కణాలు తిండి లేని సిపాయిల్లా చతికిలపడుతున్నాయి. అంటే ఒకే దెబ్బకు రెండు నష్టాలు. శత్రువుకు విందు, మన దండుకు పస్తు.

ఈగ కూడా తోడుదొంగే

క్రిమి చేతులు కట్టుకుని కూర్చోదు. దానికి సొంతంగా ఆర్జినేజ్ ఉంది. 2004లో అమెరికా శాస్త్రవేత్తలు ఆ జన్యువును తీసేసి చూస్తే, బయటి నుంచి పాలిఅమైన్లో, వాటి ముడిసరుకో అందిస్తే తప్ప ఆ క్రిమి ఎదగలేకపోయింది. కణం లోపల ఆర్జినిన్ కరువైతే దాన్ని లోపలికి లాగే ద్వారాలను అది మరిన్ని తెరుస్తుందని ఇజ్రాయెల్‌కు చెందిన డాన్ జిల్బర్‌స్టైన్ బృందం 2016లో చూపింది. పస్తుంటే చావదా అంటే, చస్తుంది. పాట్నాలోని రాజేంద్ర స్మారక వైద్య పరిశోధన సంస్థలో అదే ఏడు చేసిన పరిశోధనలో, ఆర్జినిన్ పూర్తిగా అందని లీష్మానియా క్రిములు పాలిఅమైన్లు తగ్గి నశించాయి.

ఇక ఈగ సంగతి మరీ విడ్డూరం. లీష్మానియా పట్టిన ఇసుక ఈగ కడుపులో క్రిములు ఒక జిగురు చేస్తాయి. ఆ జిగురు గొంతుకు అడ్డుపడి ఈగ సరిగా రక్తం తాగలేదు. అందుకని పదేపదే కుడుతూ, జిగురుతో సహా క్రిములను చర్మంలోకి కక్కుతుంది. మాథ్యూ రోజర్స్, ఆయన సహచరులు 2009లో ప్రచురించిన పరిశోధన ప్రకారం, భక్షక కణాల్లో ఆర్జినేజ్‌ను ఎగదోసేది ఈ జిగురే. క్రిమి కాపురానికి దిగకముందే పొయ్యి మీద ఎసరు పెట్టి ఉంచే ఏర్పాటన్నమాట.

ఎలుకల సంగతి సరే, మనుషుల్లో? ఇథియోపియాలో చర్మపు లీష్మానియా రోగుల పుండ్లలో ఆర్జినేజ్ పని ఎక్కువగా ఉందని 2012లో తేలింది. కాలా అజార్ తర్వాత వచ్చే మచ్చల మీద కోల్‌కతాలో మిథాలి ఛటర్జీ బృందం 2015లో చేసిన పరిశోధనలోనూ అదే ముఖచిత్రం. మచ్చలున్న చర్మంలోని భక్షక కణాలు యుద్ధం మానేసి మరమ్మతు పనికి మళ్లాయి. ఆర్జినేజ్ గుర్తులు పెరిగాయి. జబ్బు పోయిందనుకున్న మనిషి చర్మంలో క్రిమి ఏళ్ల తరబడి ఎలా నిలదొక్కుకుంటోందో కొంత అర్థమైంది.

ఢిల్లీలోని జవహర్‌లాల్ నెహ్రూ విశ్వవిద్యాలయంలో రెంటాల మధుబాల బృందం ఈ పాలిఅమైన్ల తయారీ దారిని ఎక్కడ కత్తిరిస్తే లీష్మానియా కూలుతుందో ఏళ్ల తరబడి వెతికింది. ఇది గాల్లో మేడ కాదు. లీష్మానియాకు దూరపు చుట్టమైన మరో పరాన్నజీవి ఆఫ్రికాలో నిద్రజబ్బు తెస్తుంది. ఆ జబ్బుకు వాడే ఎఫ్లార్నిథిన్ అనే మందు చేసేది ఇదే పని. ఆర్నిథిన్ పాలిఅమైన్‌గా మారకుండా అడ్డుపడుతుంది.

అయితే చెనక్కాయలు మానేద్దామా?

ఇంతవరకూ చదివినవారికి రెండు సందేహాలు రావడం సహజం. క్రిమికి ఆర్జినిన్ కావాలి కాబట్టి చెనక్కాయలు మానేస్తే? లేదా, ఆర్జినిన్ విషవాయువుగా మారుతుంది కాబట్టి అంగళ్లలో దొరికే ఆర్జినిన్ పొడి డబ్బాలు కొని తాగితే?

రెండూ పొరపాటే. ఆర్జినిన్‌ను మనిషి ఒళ్లు కొంత తనంతట తానే తయారు చేసుకుంటుంది. తిండి మానేసినంత మాత్రాన భక్షక కణం లోపలి క్రిమికి కరువు రాదు. పైగా తిండి తక్కువైన ఒంటికి కాలా అజార్ మరింత ముదురుతుంది. ఇక పొడి తాగితే బస్తాలు పెరుగుతాయే తప్ప, అవి మిల్లుకు పోతాయా, విత్తనానికి పోతాయా అన్నది మన చేతిలో ఉండదు. పుండు దగ్గర ఆర్జినేజ్ కాపు కాసి ఉంటే పెరిగిన సరుకూ దాని పాలే. కాబట్టి పరిశోధకుల చూపంతా బస్తా మీద లేదు, బస్తాను దారి మళ్లించే ఎంజైము మీద ఉంది.

అదీ అంత తేలిక కాదు. మన కాలేయానికీ ఆర్జినేజ్ కావాలి, లేకపోతే యూరియా తయారీ ఆగిపోతుంది. మన ఎంజైమును ముట్టుకోకుండా క్రిమి ఎంజైమును మాత్రమే దెబ్బతీసే మందు కావాలి. పోనీ, విషవాయువునే నేరుగా పుండు మీద పెడితే? కొలంబియాలో ఆ పనీ చేశారు. నైట్రిక్ ఆక్సైడ్‌ను మెల్లగా వదిలే పట్టీలను పుండ్లకు అంటించి, పాత యాంటిమొనీ సూదిమందుతో పోల్చారు. 2010లో వచ్చిన ఫలితాల్లో సూదిమందు తీసుకున్నవారిలో నూటికి 94 మందికి పైగా నయమైతే, పట్టీ వేసుకున్నవారిలో నయమైంది నూటికి 37 మందికే. పట్టీతో ఇబ్బందులు తక్కువే, కానీ నయం కావడమూ తక్కువే. ప్రయోగశాలలో గెలిచిన ఉపాయం రోగి దగ్గర గెలవాలని రూలేమీ లేదు.

అంటే చేతిలో మందు లేదని కాదు. లైపోసోమల్ ఆంఫోటెరిసిన్, మిల్టెఫోసిన్ వంటి మందులున్నాయి. 2007లో దేశంలో 44 వేలకు పైగా ఉన్న కాలా అజార్ కేసులు 2023 నాటికి 600 లోపుకు దిగాయి. బీహార్, జార్ఖండ్, పశ్చిమ బెంగాల్, ఉత్తరప్రదేశ్‌లలో ఇంటింటా మందు చల్లి, రోగులను వెతికి పట్టుకుని సాధించిన ఫలితమిది. ఇప్పుడు మిగిలిన భయమల్లా చర్మంలో దాక్కున్న క్రిమి గురించే. మచ్చలున్న మనిషికి నొప్పి ఉండదు, జ్వరం ఉండదు, డాక్టరు దగ్గరికి వెళ్లాలనిపించదు. కానీ అతన్ని కుట్టిన ఇసుక ఈగకు ఆ మచ్చ నుంచే క్రిమి అంటుకుంటుంది.

మచ్చను చూసి తొందరపడొద్దు

మన పల్లెల్లో తెల్లమచ్చ కనిపిస్తే మొదట వచ్చే మాట కుష్టు. ఆ మాట పడగానే పెళ్లి సంబంధం ఆగిపోతుంది, మంచినీళ్ల చెంబు వేరవుతుంది. కాలా అజార్ తర్వాతి మచ్చలను కుష్టుగా పొరబడి ఆ మందులు వాడిన సందర్భాలు వైద్య గ్రంథాల్లో ఉన్నాయి. ఒక తేడా గుర్తుంచుకోవచ్చు. కుష్టు మచ్చ మీద సాధారణంగా స్పర్శ తగ్గుతుంది. లీష్మానియా మచ్చ మీద స్పర్శ ఉంటుంది. తేల్చాల్సింది మాత్రం డాక్టరు పరీక్షే. ఏది తేలినా భయపడి దాచుకోవాల్సిన పని లేదు, రెండింటికీ మందుంది. కుష్టు మందులు ప్రభుత్వాసుపత్రిలో ఉచితం.

రాయలసీమ గడ్డ మీద లీష్మానియా ఊరి జబ్బు కాదు. అయినా మనిషి ఒకచోట ఉండే కాలం కాదిది. కదిరి, రాయచోటి వైపు నుంచి ఎందరో కువైట్, సౌదీ వెళ్లి వస్తున్నారు. బెంగళూరు కట్టడాల దగ్గర మడకశిర కూలీ పక్కనే బీహార్ కూలీ పనిచేస్తున్నాడు. గల్ఫ్ నుంచి వచ్చినవారికి నెల దాటినా మానని, నొప్పిలేని పుండు ఉంటే, డాక్టరుకు పుండు చూపించడంతో సరిపెట్టకుండా ఏ దేశంలో, ఎన్నాళ్లున్నదీ చెప్పాలి. ఎప్పుడైనా కాలా అజార్ వచ్చి తగ్గినవారు కొత్త మచ్చ కనిపిస్తే ఆ పాత సంగతి చెప్పాలి. ఆ ఒక్క మాటతో రోగనిర్ధారణ నెలల ముందే జరగొచ్చు. ఇంటి గోడల నెర్రెలు పూడ్చడం, పశువుల పాక పొడిగా ఉంచుకోవడం, సన్నటి వలతో దోమతెర కట్టుకోవడం ఇసుక ఈగకూ పనికొస్తాయి, మిగతా వాటికీ పనికొస్తాయి.

ఇంతకీ ఆర్జినిన్ ఎవరి పక్షం? ఎవరి పక్షమూ కాదు. తూకం వేసి బస్తా ఎవరి బండికెత్తితే వారి సరుకు. ఆ బండి తోలే ఎంజైమును మన దారికి తిప్పే మందు కోసం పాట్నా, కోల్‌కతా, ఢిల్లీ ప్రయోగశాలల్లో వెతుకులాట సాగుతోంది. అది దొరికేదాకా అగళి చెనక్కాయ మీద అనుమానం అక్కర్లేదు. సంగటిలోకి ఊరిబిండి ఎప్పటిలాగే నూరుకోవచ్చు.